అనకూడని వాక్యం

కాంపౌండరు నాగేశప్పకు రెండు విషయాల్లో తన మీద తనకు మహా గురి. ఒకటి, ఆయన మడిచిన పొడిపొట్లం ఎంత ఎత్తు నుంచి పడేసినా విప్పుకోదు. రెండు, హోసూరు తాలూకాలో తెల్లమ్మలను మినహాయిస్తే ఫ్రెంచి వచ్చిన మనిషి ఆయనొక్కడే. రెండో సంగతిలో పోటీకి వచ్చేవాళ్ళు లేరు కాబట్టి దాన్ని పరీక్షించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

తెల్లమ్మలంటే రాయకోట దారిలో ధర్మాసుపత్రి నడిపే ఫ్రెంచి కన్యాస్త్రీలు. నాగేశప్ప కొలువు వాళ్ళ దగ్గరే. ఆ ఆసుపత్రిలో పుళ్ళకు కట్టిన గుడ్డలు ఉడకబెట్టి ఉతికే పని మునివెంకటమ్మది. ఆమె కూతురు పచ్చయమ్మకు పదిహేడేళ్ళు. ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆరిన గుడ్డలను కట్లకు పనికొచ్చేలా చుట్టలు చుట్టే పనికి కుదిరింది. మూడేళ్ళుగా సిస్టర్ల మధ్య తిరుగుతూ చెవినపడిన ఫ్రెంచి ముక్కలన్నీ ఏరుకుంది. ఆ ముక్కలను అతికించి భాషగా నిలబెట్టింది తానేనని నాగేశప్ప నలుగురిలో చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

యాభై ఎనిమిదో సంవత్సరం జూన్ నెలలో ఆ ఫ్రెంచికి పని పడింది. ఈ సిస్టర్ల సంఘంవాళ్ళే పాండిచ్చేరిలో నడిపే నర్సుల బడిలో ఈ పక్కకు ఒక్క సీటు ఇస్తామన్నారు. చదువంతా ఫ్రెంచిలోనే. బడి పెద్ద మదర్ క్లోతిల్ద్ శుక్రవారం హోసూరు వచ్చి పచ్చయమ్మను పరీక్షిస్తుంది. సోమవారం కృష్ణగిరిలో ఇంకో పిల్లను చూస్తుంది. ఇద్దరిలో ఒకరిని తీసుకుంటుంది. సీటు వస్తే నాలుగేళ్ళలో పచ్చయమ్మ నర్సమ్మ అవుతుంది. రాకపోతే ఇట్లాగే గుడ్డలు చుట్టుకుంటూ ఉండిపోతుంది.

"ఆ మదర్ పేరు పెద్దది, ప్రశ్నలు చిన్నవి," అన్నాడు నాగేశప్ప, పరీక్షకు నాలుగు రోజుల ముందు, సోమవారం సాయంత్రం. రోగులు వెళ్ళిపోయారు. ఆయన బల్ల మీద తెల్లకాగితాలు పరుచుకొని క్వినైన్ పొడి తూచి పొట్లాలు కడుతున్నాడు. ఎదురుగా కిందకూర్చున్న పచ్చయమ్మ ఒడిలో గుడ్డ, మోకాలి మీద సగం చుట్టిన చుట్ట. "రోగి మందు ఉమ్మేస్తే ఏం చేసేదానివి, డాక్టరు లేకుంటే ఏం చేసేదానివి, అన్నీ ఇట్లాంటివే అడుగుతాది. నర్సు పనంతా 'అయితే' మీదనే నడస్తాది పాపా. అందుకని ఈ వారమంతా మనం ఒకే పాఠం. కండిసియోనెల్."

"అదేం రోగం సార్?"

"రోగం కాదు, క్రియ. చూడు. ఇవ్వడానికి దొన్నే. దాన్ని తుంచొద్దు, రాతలో చివర ఉండే పలకని ర్‌తో సహా నిలబెట్టు. దానికి 'ఎ' అని తోక తగిలించు. జె దొన్రే. నేను ఇచ్చేదాన్ని." ఆయన పొట్లం కొసను లోపలికి దోపి గోటితో గీశాడు. "ఈ తల యాడిదో తెలుసునా? రేపు ఇస్తాను అంటామే, దానిది. తోక యాడిది? నిన్న ఇస్తా ఉంటిని అంటామే, దానిది. రెండూ అతికిస్తే ఇది."

పచ్చయమ్మ గుడ్డ చుట్టడం ఆపింది. "తల రేపటిది, తోక నిన్నటిది. మరి ఈపొద్దు యాడపోయింది సార్?"

"ఈపొద్దు లేదు. అందుకే ఇది జరగని పనిని చెప్పే మాట అయింది."

ఆయనకు తన జవాబు తనకే నచ్చింది. ఇంకో నాలుగు పొట్లాలు మడిచేలోగా తల మారే క్రియలు కూడా చెప్పేశాడు. పోవడానికి జిరే, రావడానికి జె వియాఁద్రే, ఉండటానికి జె సెరే. కావాలని గట్టిగా అడిగితే మొరటుతనం, జె వుద్రే అంటే మర్యాద. 'సి' అంటే 'ఒకవేళ'. ఆ 'సి' పక్కన మాత్రం ఈ తోకను రానివ్వకూడదు, అక్కడ నిన్నటి రూపమే ఉండాలి, మందుకు పత్యం లాగా పాటించాలన్నాడు. అందరూ తప్పేది అక్కడే. పచ్చయమ్మ తప్పలేదు.

"సి జావే ఉన్ వాష్, జె వాంద్రే దు లే," అంది. నాకొక ఆవుంటే పాలమ్మేదాన్ని. ఆవు అయిపోయాక బస్సు వచ్చింది. నాకొక బస్సుంటే అమ్మను ఎక్కించుకొని జూజువాడి సరిహద్దు గేటు దాటి బెంగుళూరు దాకా పోయేదాన్ని. నేను తెల్లదొరసాని అయితే కాంపౌండరు సారును పొద్దస్తమానం అరవొద్దని చెప్పేదాన్ని. నాగేశప్ప పొట్టపట్టుకొని నవ్వాడు. వెనక దొడ్లో తొట్టి దగ్గర గుడ్డలు పిండుతున్న మునివెంకటమ్మకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా కూతురి గొంతు విని ఆమె కూడా నవ్వింది.

"సరే, ఇప్పుడు ఆసుపత్రి వాక్యం. మా అమ్మకు జబ్బు చేస్తే నేను మందిచ్చేదాన్ని. అను."

పచ్చయమ్మ అనలేదు. కొంచెంసేపు గుడ్డ కొసలోని దారాలు పీకింది. తర్వాత, అమ్మ బాగుంటే నేను సంతోషంగా ఉండేదాన్ని అని చక్కటి ఫ్రెంచిలో అంది.

"నేనడిగింది అది కాదే."

"అది వద్దు సార్. అస్తు దేవతలు తిరిగే పొద్దు ఇది."

మనిషి నోట ఏ మాట వస్తే దానికి తథాస్తు అంటూ సంజెవేళ తిరిగే దేవతలు. చెడ్డ మాట అయినా సరే, ఉత్తుత్తి మాట అయినా సరే, వాళ్ళకు తేడా తెలియదు. హోసూరు పక్క ఆ దేవతలకు గుడి లేదుగాని భయం ఇంటింటా ఉంది. నాగేశప్ప కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వాళ్ళకి ఫ్రెంచి కూడా వస్తాదా ఏమి?"

"మీకు వస్తాదిగదా సార్. దేవతలకు రాదా?"

"ఏ కాలంలో ఉండావే నువ్వు? ఉత్త మాట అది."

"మీరూ అంతేగదా సార్," అంది పచ్చయమ్మ మెల్లగా. "సీసాలో మందు అయిపోతే లేదు అనరు. నిండుకుంది అంటారు."

అలవాటు వేరు, నమ్మకం వేరు అని నాగేశప్ప ఏదో గొణిగాడు. ఇంతలో మునివెంకటమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గడప దగ్గరికొచ్చింది. సంగతి విని, "ఆ మాటొద్దు అయ్యా, ఇంకోటి చెప్పించు," అంది. "కావాలంటే పక్కూరోళ్ళ అమ్మకు అని చెప్పించు." మళ్ళీ తానే నాలుక కరుచుకుంది. "వాళ్ళకీ ఎందుకులే. ఎద్దుకు అని చెప్పించు."

ఆ వారమంతా జబ్బులన్నీ ఎద్దుకే చేశాయి.

శుక్రవారం పొద్దున మదర్ క్లోతిల్ద్ వచ్చింది. పొడుగాటి మనిషి, అరవై దాటినా నడుం వంగలేదు. ఆసుపత్రి అంతా తిరిగి చూస్తూ ఆడవాళ్ళ వార్డు గుమ్మానికి కట్టిన వేపమండనూ నిమ్మకాయనూ చూసి ఆగి, ఇదేమిటని అడిగింది. నాగేశప్ప ఓ చిన్న నవ్వు నవ్వి, పల్లెటూరి జనం మదర్, పిచ్చి నమ్మకాలు, ఎంత చెప్పినా వినరు అన్నాడు. ఎంత చెప్పినా అన్నాడుగాని ఆయన ఎవరికీ ఏమీ చెప్పిన పాపాన పోలేదు. ఆ నిమ్మకాయ కట్టడానికి స్టూలు పట్టుకున్నది కూడా ఆయనే. మదర్ ఆయన్ను మెచ్చుకోలుగా చూసి, "మీరు వివేకం గల మనిషి," అంది. ఆ మాట నాగేశప్పకు తేనెలా దిగింది. తర్వాత రెండు గంటలసేపు మామూలు కంటే రెండంగుళాలు పైకి నడిచాడు.

పరీక్ష ముందుగదిలో జరిగింది. బల్లకు అటు మదర్, ఇటు పచ్చయమ్మ, పక్కన అవసరమైతే అర్థం చెప్పడానికి నాగేశప్ప. మునివెంకటమ్మ బయట వరండాలో గోడకానుకొని కూర్చుంది. పచ్చయమ్మ ఉతికిన నీలంచీర కట్టుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని, అడిగినదానికి అడిగినంతే చెప్పింది. రోగి మందు వద్దంటే ఏం చేస్తావు? మెత్తగా మాట్లాడేదాన్ని, నీళ్ళు ఇచ్చేదాన్ని, మళ్ళీ అడిగేదాన్ని. ఒకేసారి ఇద్దరు పిలిస్తే? గట్టిగా అరిచేవాళ్ళ దగ్గరికి కాదు, అరవలేనివాళ్ళ దగ్గరికి ముందు పోయేదాన్ని. మదర్ కనుబొమలు పైకి లేచాయి. పచ్చయమ్మ ఒక్క తోకా తప్పలేదు. నాగేశప్ప బల్లకింద కాలు ఆడిస్తూ లోలోపల మురిసిపోయాడు.

అప్పుడు మదర్ కాగితం పక్కన పెట్టింది. నాలుగేళ్ళ చదువమ్మా, ఇంటి మీద బెంగతో సగంలో పారిపోయే పిల్లల్ని చాలామందిని చూశాను అని నెమ్మదిగా చెప్పి, ఆ ప్రశ్న అడిగింది.

"సి వోత్ర్ మేర్ తోంబె మలాద్, కె ఫెరియే వూ?"

మీ అమ్మకు జబ్బు చేస్తే ఏం చేసేదానివి?

పచ్చయమ్మ నోరు తెరిచి మూసుకుంది. వరండా వైపు చూసింది. తల్లి తల తలుపుసందు నుంచి కొంచెం కనబడుతోంది. మదర్ ప్రశ్నను ఇంకా మెల్లగా, ముక్కముక్కగా మళ్ళీ అడిగింది. పిల్ల తల వంచుకుంది.

మదర్ నాగేశప్ప వైపు తిరిగింది.

ఒక్క వాక్యం చాలు. మా దేశంలో కన్నతల్లి గురించి ఇట్లాంటి మాట ఊహకైనా పైకి అనరు మదర్, అంటే కీడు తగులుతుందని భయం, తెలియక కాదు ఊరుకున్నది. ఫ్రెంచిలో ఆ వాక్యం మొత్తం ఆయన తలలో తయారైంది, నాలుక చివరకు కూడా వచ్చింది. కానీ దాన్ని అంటే ఆ పిచ్చి నమ్మకాలవాళ్ళ పక్కన తానూ నిలబడ్డట్టు అవుతుంది. పొద్దున వేపమండ దగ్గర నవ్విన మనిషి మధ్యాహ్నానికి దేవతల సంగతి ఏ మొహంతో చెబుతాడు? వివేకం గల మనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఎల్ నా పా కొంప్రి, మా మేర్," అన్నాడు. పిల్లకు అర్థం కాలేదు, మదర్.

ఆ మాట పచ్చయమ్మకు అర్థమైంది. ఆమె తలెత్తి ఆయన్ను చూసింది. అంతకుముందు ఆమె ఆయన్ను ఎన్నడూ అట్లా చూడలేదు. మదర్ క్లోతిల్ద్ నిట్టూర్చి కాగితం మీద ఏదో రాసుకొని, లేచి, పిల్ల తలమీద చెయ్యివేసి బయటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం నాగేశప్ప పచ్చయమ్మ వెంట వాళ్ళ ఊరి దాకా నడిచాడు. అవసరం లేదు, అయినా నడిచాడు. ఉతకవలసిన గుడ్డలు మిగిలాయని మునివెంకటమ్మ వెనక వస్తానంది. రాగిచేల మధ్య దారి. పిల్ల ఏమైనా అంటే బాగుండును, తిట్టినా బాగుండును అనుకున్నాడు. తప్పు చేసిన మనిషికి ఎదుటివాళ్ళ మౌనం కంటే పెద్ద శిక్ష లేదు. ఆ శిక్ష ఓర్చుకోలేక ఆయన కోపం తెచ్చుకున్నాడు.

"ఒక్క మాటకు సీటు పోగొట్టుకుంటివే! నాలుగు ముక్కల మాట! ఎన్ని దినాలు నేర్పించినా?"

ఆమె నడుస్తూనే ఉంది.

"ఇప్పుడైనా అను. అని చూడు. ఆకాశం ఊడి పడతాదేమో చూస్తాం. అంటివా లేదా?"

పచ్చయమ్మ ఆగింది. పొద్దు కొండల వెనక్కి దిగుతోంది. ఆమె రెండు చేతులూ పక్కలకు వేసుకొని, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు నిలబడింది.

"సి మా మేర్ తోంబె మలాద్, జె రెస్తెరే ఆ మో త్రావాయ్," అంది. తర్వాత అడగకుండానే తెలుగులో కూడా అంది. "మాయమ్మకు జబ్బు చేస్తే, నేను నా పనిలోనే ఉండిపోయేదాన్ని. చాలునా సార్?"

ఒక్క తప్పు లేదు. నాగేశప్పకు ముందు తోచింది అదే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తర్వాత ఎన్నో ఏళ్ళు ఆయన తనను తాను అసహ్యించుకున్నాడు. ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే గబగబా నడిచి పోయింది.

శనివారం పొద్దున మునివెంకటమ్మ పనికి రాలేదు. నాగేశప్ప తొమ్మిది గంటలకు వాళ్ళింటికి పోయేసరికి ఆమె మూడు కంబళ్ళ కింద వణుకుతోంది. మంచం కోళ్ళు నేలమీద టకటక కొట్టుకుంటున్నాయి. చలిజ్వరం. వానలు మొదలయ్యే ముందు ఆ చెరువుకింది ఊళ్ళలో ఇంటికొకరికి వచ్చేదే. ఆయన నాడి చూశాడు, కనురెప్ప విప్పి చూశాడు, జేబులోంచి క్వినైన్ పొట్లాలు తీశాడు.

పచ్చయమ్మ తల్లి కాళ్ళ దగ్గర కూర్చొని ఉంది. రాత్రంతా కూర్చున్నట్టే ఉంది. "అన్నా గదా సార్," అంది. "నిన్న అన్నా, వచ్చేసింది."

"ఇది దోమకాటు జరం పాపా. ఈ పక్క నలభై మందికి ఉండాది. వాళ్ళందరికీ నువ్వే అన్నావా?"

"వాళ్ళ సంగతి నాకు తెలీదు సార్."

ఆయన పొట్లాల మీద పెన్సిలుతో గీతలు గీశాడు. ఒక గీత పొద్దున, రెండు గీతలు మధ్యాహ్నం, మూడు గీతలు రాత్రి. నాలుగు దినాలకు సరిపడా ఇచ్చాడు. ఆమె అన్నీ శ్రద్ధగా విని, పొట్లాలను వరసగా గూట్లో పెట్టింది. ఆ చేతులు పనిచేసే తీరును నాగేశప్ప చూస్తూ నిలబడ్డాడు. నర్సు చేతులు అవి, తెలియని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. తెలిసిన తాను కళ్ళుండి చేసిన పని ఇది.

ఆదివారం మొదటి బస్సుకే ఆయన కృష్ణగిరికి బయలుదేరాడు. శూలగిరి దగ్గర టైరు పేలి గంటన్నర ఎండలో నిలబడ్డాడు. దారంతా చెప్పవలసిన మాటలు ఫ్రెంచిలో కూర్చుకున్నాడు. మర్యాద తోకలన్నీ తగిలించి, నేను మనవి చేసుకోగోరుదును అని మొదలుపెట్టాలనుకున్నాడు. తీరా కన్యాస్త్రీల మఠం వరండాలో మదర్ ఎదురుగా నిలబడేసరికి తోకలన్నీ ఊడిపోయాయి.

"నేను అబద్ధం చెప్పినాను, మదర్. ఆ పిల్లకు అర్థమైంది."

అన్నీ చెప్పాడు. దేవతల సంగతి, ఎద్దు సంగతి, వేపమండ దగ్గర తాను నవ్విన సంగతి. మదర్ అడ్డం రాకుండా వింది. విని, "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది.

"సిగ్గుపడినాను."

"దేన్ని చూసి?"

"మీరు నన్ను కూడా వాళ్ళలో ఒకడు అనుకుంటారని."

కోపమో జాలో మదర్ మొహంలో తెలియలేదు. "మా అమ్మ కూడా ఉప్పు ఒలికితే కీడు పోవాలని చిటికెడు తీసి భుజం వెనక్కి విసిరేది," అంది. "ఒక్క ముక్క చెప్పి ఉంటే నాకు అర్థమయ్యేది కదయ్యా." రేపు ఈ ఊరి పిల్లను చూడకుండా మాట ఇవ్వలేనని, మంగళవారం పొద్దున రమ్మని చెప్పింది.

రెండు రాత్రులు నాగేశప్ప ఆ ఊరి పాతపేటలో దూరపు చుట్టం వరదప్ప ఇంట్లో పడుకున్నాడు. పడుకున్నాడేగాని నిద్ర లేదు. మంగళవారం మదర్ క్లోతిల్ద్ ఆయన చేతిలో ఒక కాగితం పెట్టింది. జూలై ఒకటో తేదీన పచ్చయమ్మ పాండిచ్చేరిలో ఉండాలి. కృష్ణగిరి పిల్ల కూడా మంచిదేగాని ఈమె జవాబులు వేరు. అరవలేనివాళ్ళ దగ్గరికి ముందు పోతానన్న పిల్లను వదులుకోలేనంది. ఆ కాగితం చొక్కాలోపలి జేబులో పెట్టుకొని, బస్సు కిటికీలోంచి తోటల్లో మామిడిచెట్లను చూస్తూ, నాగేశప్ప నాలుగు దినాల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చాడు.

ఇంటికి కూడా పోకుండా తిన్నగా వాళ్ళ ఊరికి నడిచాడు. దూరం నుంచే కనబడింది. మునివెంకటమ్మ వాకిట్లో చేట ఒళ్ళో పెట్టుకొని ఉలవలు ఏరుతోంది. మొహం పాలిపోయి ఉంది, అయినా లేచి కూర్చుంది. జ్వరం దిగినట్టే ఉంది. క్వినైన్ పనిచేసింది.

"సీటొచ్చింది మునెంకటమ్మా!" అని వాకిలి బయటి నుంచే అరిచాడు.

ఆమె చేట పక్కనపెట్టి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నీ కడుపు చల్లగుండా నాగేశప్పా," అంది. ఎన్నడూ పేరు పెట్టి పిలిచే మనిషి కాదు. అని, వెంటనే లోపలి గుమ్మం వైపు బెరుకుగా చూసింది.

పచ్చయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన కాగితం చాచాడు. ఆమె తీసుకొని, ప్రతి అక్షరం చదివి, తన పేరు రాసిన చోట వేలితో తడిమి, నాలుగు మడతలు మడిచి ఆయన చేతికే ఇచ్చింది.

"నేను పోకూడదు సార్. మొక్కుకున్నా."

"ఏమని?"

"అమ్మను లేపితే నేను పాండిచ్చేరి పోనని. గంగమ్మకు మొక్కుకున్నా. ఆదివారం మీరు కిష్టగిరి పోయినారని విన్న పూటే, అమ్మకు మళ్ళీ చలి వచ్చినప్పుడు. నిన్న లేచింది."

"లేపింది మందు!" నాగేశప్ప అరిచాడు. "నేనిచ్చిన మందు! గీతలు గీసి ఇచ్చినానే, పూటపూటకీ నువ్వే పోసినావే!"

"పోసినా సార్. మందు మీరిచ్చినారు, నేను పోసినా. మొక్కు కూడా మొక్కినా. ఏది లేపిందో మీరు చెప్పగలరు, నేను చెప్పలేను. ఇప్పుడు మాట తప్పి పోయినాననుకోండి, ఆడ పుస్తకం తెరిచినప్పుడల్లా ఈమె మంచం చప్పుడే వినబడతాది."

"చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది అయ్యా," అంది మునివెంకటమ్మ. "గంగమ్మకి నేను సర్ది చెప్పుకుంటా, ఇంకో మొక్కు కట్టుకుంటానంటిని. వినదు. నేర్పింది నేనే గదా, ఇంక ఎవురిని అనేది?" ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

నాగేశప్ప గడప మీద కూలబడ్డాడు. వాదించడానికి మాటలున్నాయి. దోమల సంగతి ఉంది, నలభై మంది సంగతి ఉంది. కానీ ఆకాశం ఊడి పడదని, అని చూడమని, సంజెవేళ ఆ దారిలో నిలబెట్టి అనిపించిన నోటితో ఇప్పుడు ఏది చెప్పినా ఈ పిల్లకు ఎట్లా వినబడుతుంది?

"తప్పు నాదే పాపా," అన్నాడు. "ఆపొద్దు ఆయమ్మ నా దిక్కు తిరిగినప్పుడు నేను చెప్పుంటే..."

"చెప్పుంటే పోయుందును సార్," అంది పచ్చయమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చి, తాగేదాకా నిలబడింది. "ఆ కిష్టగిరి పిల్ల పేరేమి?"

"అంగాళమ్మ."

"ఆ పిల్లకి లేదని చెప్పేసినారా?"

"ఇంకా లేదు. మనం శనివారంలోగా జాబు రాయాల. రాయకుంటే ఆ పిల్లను పిలుస్తారు."

"అయితే ఈపొద్దే రాసేయండి సార్. పాపం, దావ చూస్తా ఉంటాది." ఆమె లోపలికి పోయి, తన బడిపుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపుకొచ్చి ఆయన ముందు పెట్టింది. రాసుకోవడానికి ఉలవలు తీసేసి చేటను బోర్లించి ఆయన ఒళ్ళో పెట్టింది. "జరం సంగతి, మొక్కు సంగతి ఏమీ రాయొద్దు. మళ్ళీ అమ్మ పేరుతో ఆ మాటలు కాగితమెక్కకూడదు. పిల్లకి చదువు మీద ఇష్టం లేదని రాసేయండి, చాలు."

నాగేశప్ప ఆమె మొహంలోకి చూశాడు. అడిగింది ఇది ఒక్కటే, ఇన్నేళ్ళలో. ఆయన జేబులోంచి కలం తీసి, పైన తారీఖు వేసి, మదర్‌కు నమస్కారం రాసి, ఆ పిల్ల గురించి రెండో అబద్ధం చెప్పడానికి మాటలు కూర్చుకోసాగాడు.